తాళం ఆఖర్న తిప్పాలి

టాంకు మూత తియ్యగానే పెట్రోల్ వాసన వస్తుందనుకున్నాను. రాలేదు. ముక్కిపోయిన నూనెలో పాత వార్నిష్ కలిపినట్టు ఒక పుల్లటి కంపు ముక్కుకు కొట్టింది. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్న మామయ్య "ఏమ్మా, పెట్రోల్ ఉందా?" అన్నాడు. "ఉంది మామయ్యా, కానీ ఇప్పుడు దాన్ని పెట్రోల్ అనలేం" అన్నాను.

ఆ కారు 1998 మోడల్ తెల్ల మారుతి 800. కోనసీమలో మా అమ్మమ్మగారి ఊళ్ళో, రేకుల షెడ్డు కింద, 2020 మార్చి నుంచి కదలకుండా ఉంది. ఆ ఫిబ్రవరిలోనే మామయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. ఆయన కాలు కూడదీసుకునే లోపు లాక్‌డౌన్ వచ్చింది. తర్వాత ఇంట్లో ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఈ కారు మీదే, 1999 వేసవిలో, ఏటిగట్టు మీద, పక్క సీట్లో మామయ్య హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేసుకుని కూర్చుంటే. ఈ ఏప్రిల్లో పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి బేరం ఆడి వెళ్ళారని అత్తయ్య ఫోన్‌లో చెప్పింది. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎవరికీ ఇవ్వకండి అత్తయ్యా, సెలవులకి నేనొస్తున్నాను" అనేశాను.

నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. మెకానిక్‌ని కాను. కానీ ఐదేళ్ళు నిలవున్న పెట్రోల్ సంగతి మెకానిక్కుల కన్నా నా సబ్జెక్టుకే ఎక్కువ దగ్గర. ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే. ఇలా షెడ్లలో, చెట్ల కింద, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దుమ్ము కప్పుకుని ఉన్న బండ్లు మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. ఎప్పుడో ఒక పండక్కి ఎవరో ఒకరు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొడతారు. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: దయచేసి కొట్టకండి. తాళం తిప్పడం మొట్టమొదటి పని అనుకుంటాం. అది ఆఖరి పని.

మా ఇంట్లో కూడా ఆ తప్పు జరిగింది. 2022 సంక్రాంతికి పిల్లలందరూ చేరారు. పెద్దమ్మ మనవడు వేరే కారు బ్యాటరీ నుంచి కేబుళ్ళు వేసి సెల్ఫ్ కొట్టాడు. నాలుగైదు సెకన్లు ఇంజన్ పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలోనే ఆగిపోయింది. ఇంక పట్టుదలకి పోయి పావుగంట సెల్ఫ్ కొడుతూనే ఉన్నారు. నేను అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను, ఒక్క మాట అనలేదు. ఆ పావుగంటలో టాంకు అడుగున నిద్రపోతున్న తుప్పు, నీళ్ళు, జిగురు అన్నీ పైపు వెంట పంపులోకి, పంపులోంచి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే కార్బురేటర్‌లోకి వెళ్ళి కూర్చున్నాయి. మూడేళ్ళ తర్వాత కార్బురేటర్ విప్పినప్పుడు అది కళ్ళారా చూశాను. ఆ రోజు టాంకు ఒక్కటీ కడిగితే సరిపోయేది.

ఈసారి వెనక నుంచి ముందుకి వద్దామని అనుకున్నాం. ముందు టాంకు, తర్వాత పైపులు, తర్వాత పంపు, ఆపైన కార్బురేటర్. ఒకటి శుభ్రం కాకుండా దాని తర్వాతది ముట్టుకోకూడదు. ఊళ్ళో ముప్పై ఏళ్ళుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్న మేస్త్రిగారిని పిలిచాం. ఆయనకి అన్నీ తెలుసు. వేగంగా చేసే అలవాటు మాత్రం ఉంది. నాకు అనుమానాలు ఎక్కువ. అందుకే ఇద్దరికీ బాగానే కుదిరింది.

మొదటి రోజు ఆయన రాగానే రబ్బరు పైపు టాంకులోకి దోపి రెండో కొస నోట్లో పెట్టుకోబోయారు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పెట్రోల్ కడుపులోకి వెళ్తే ప్రమాదమే, కానీ అంతకన్నా పెద్ద ప్రమాదం అది ఊపిరితిత్తుల్లోకి దిగితే. నీళ్ళలా పల్చగా పాకిపోయి లోపల పొరని దెబ్బతీస్తుంది. ఒక్క గుక్కతో న్యుమోనియా లాంటి జబ్బు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. "ఎన్ని వేల సార్లు లాగానో మేడంగారండీ" అన్నారాయన. "ఇవాళ్టికి నా మాట వినండి మేస్త్రిగారూ" అన్నాను. అమలాపురం నుంచి చేతితో నొక్కే రబ్బరు బుడ్డ పంపు తెప్పించాం. నూట ఎనభై రూపాయలు.

ఇంకొకటి, బ్యాటరీ తీగలు అప్పటికే తీసేసి ఉంచాం. పని అంతా తెల్లవారుజామున ఆరింటి నుంచి తొమ్మిదింటి లోపు, బయట చెట్ల నీడలో. మే నెల ఎండలో పెట్రోల్ టాంకు విప్పడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు. పైకి లేచి పోదు, నేల మీద పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది. మాకు ఇరవై అడుగుల దూరంలో అత్తయ్య నీళ్ళ పొయ్యి ఉంది, కొబ్బరి మట్టలతో మండుతూ. అది ఆర్పించేదాకా మూత తియ్యనివ్వలేదు. "స్నానానికి నీళ్ళెలాగే?" అంది. మూడు రోజులు అందరం చన్నీళ్ళే పోసుకున్నాం. బకెట్టుతో ఇసుక, పక్కింటి నుంచి అడిగి తెచ్చిన, మంటలార్పే పౌడర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకున్నాం. వాటి అవసరం రాలేదు.

బయటికొచ్చింది సుమారు పదకొండు లీటర్లు. కొత్త పెట్రోల్ లేత నారింజ రంగులో ఉంటుంది కదా. ఇది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అడుగున లాగిన ఆఖరి లీటరు ఒక హార్లిక్స్ సీసాలో పట్టి మెట్టు మీద పెట్టాను. పది నిమిషాల్లో అది మూడు పొరలుగా తేరింది. పైన గోధుమరంగు ద్రవం. దాని కింద రెండు వేళ్ళ మందాన మసకగా, కొబ్బరినీళ్ళలా ఒక పొర. అన్నిటికంటే అడుగున, కుంకుమ కన్నా ముదురుగా, మెత్తటి తుప్పు పొడి. సీసా వంచితే ఆ మధ్య పొర బరువుగా, బద్ధకంగా కదిలింది.

అది ఏమిటో నాకు తెలుసు, కానీ మామయ్యకి చూపించాలనిపించింది. అత్తయ్య దగ్గర మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంటే నాలుగు పలుకులు పాత గరిటెలో వేసి, ఇంటి వెనక వేరే పొయ్యి మీద, నీలం పోయి తెల్లగా అయ్యేదాకా వేయించాను. చల్లారాక సీసాలోని మధ్య పొర నుంచి రెండు చుక్కలు డ్రాపర్‌తో తీసి ఆ తెల్ల పొడి మీద వేశాను. వెంటనే నీలంగా మారింది. అంటే నీళ్ళు. పైన ఉన్న గోధుమరంగు ద్రవం వేస్తే రంగు మారలేదు. మామయ్య కళ్ళజోడు సవరించుకుని ఆ పొడిని చాలాసేపు చూశాడు. "టాంకులో నీళ్ళెవరు పోశారే?" అన్నాడు.

ఎవరూ పొయ్యక్కర్లేదు. మన దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ కలపడం 2003లో మొదలైంది, ఆ మొదటి విడత రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఇథనాల్‌కి నీళ్ళంటే మహా ఇష్టం. గాలిలోని తేమని లాక్కుంటుంది, కొంతవరకు తనలోనే దాచుకుంటుంది. నూటికి పది పాళ్ళు ఇథనాల్ ఉన్న పెట్రోల్ సుమారు అర శాతం నీటిని, అంటే లీటరుకి ఒక చెంచాడు నీళ్ళని, కలుపుకుని మామూలుగానే కనిపిస్తుంది. అది దాటితే ఇంక మొయ్యలేదు. నీళ్ళూ ఇథనాలూ చేతులు పట్టుకుని అడుగుకి దిగిపోతాయి. టాంకు రేకుకి ఐదేళ్ళు ఆనుకుని ఉన్నది ఆ పొరే. మా టాంకు మూతకి ఉండే రబ్బరు వాషరు పెళుసెక్కి ముక్కలైపోయి ఉంది. కోనసీమ గాలిలో తేమ సంగతి వేరే చెప్పాలా. సగం ఖాళీగా ఉన్న టాంకు పగలు వేడెక్కి గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. రోజుకోసారి, ఐదేళ్ళు.

ఇక ఆ కంపు సంగతి. పెట్రోల్ ఒక్క పదార్థం కాదు, వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి ముందు ఎగిరిపోతాయి. చల్లటి ఇంజన్ అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా అవే. మిగిలినవాటిలో డబుల్ బాండ్, అంటే రెండు కార్బన్ పరమాణువుల మధ్య జంట బంధం, ఉన్నవి గాలిలో ఆక్సిజన్‌తో కలిసి పెరాక్సైడ్లుగా, ఆపైన జిగురుగా మారతాయి. ఇంట్లో నూనె ముక్కిపోవడం కూడా ఇదే కథ, అక్కడా డబుల్ బాండ్లే, ఇక్కడా డబుల్ బాండ్లే. క్లాసులో ఈ పాఠం ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను, పల్లీనూనె ఉదాహరణతో. వచ్చే ఏడాది ఈ సీసా పట్టుకెళ్తాను.

ఆ పాత పెట్రోల్‌ని కాలువలో పారబోయలేదు. పైన తేరినదాన్ని వడకట్టి మూత ఉన్న రేకు డబ్బాలో మేస్త్రిగారికి ఇచ్చాను, గ్రీజు పట్టిన సామాన్లు కడుక్కోవడానికి. "కొత్త పెట్రోల్ కలిపి వాడేద్దాం, సర్దుకుపోతుంది" అనే సలహా నాకు ఇద్దరు ముగ్గురు ఇచ్చారు. ఏడెనిమిది నెలలు నిలవున్నదైతే ఏమోగానీ ఇలా రంగు మారి కంపు కొట్టేదాన్ని చుక్క కూడా ఉంచకూడదు. జిగురు కొత్త పెట్రోల్‌లో కరిగి ఇంజన్ లోపలికి వెళ్తుంది, వాల్వు కాడల మీద పేరుకుని వాల్వుల్నే పట్టేస్తుంది.

టాంకు దించడానికి రెండు గంటలు పట్టింది. బోల్టులన్నీ తుప్పుతో అతుక్కుపోయాయి. ముందు రోజు రాత్రే నూనె కొట్టి ఉంచాం కాబట్టి ఒక్కటే విరిగింది. మీటర్ ఫ్లోట్ బిగించిన చోటు విప్పి లోపలికి టార్చి వేసి చూస్తే అడుగంతా ఎర్రమట్టి నేలలా ఉంది. మేస్త్రిగారు బాత్రూమ్ యాసిడ్ పోసి కడిగేద్దామన్నారు. వద్దన్నాను. అది తుప్పుతో ఆగదు, మంచి ఇనుముని కూడా తింటుంది, పైగా కడిగిన మర్నాటికి ఇంకా ఎక్కువ తుప్పు వస్తుంది. దానికి బదులు కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్, రెండు కిలోలు తెచ్చాం. ముందు సబ్బునీళ్ళతో నాలుగు సార్లు, పెట్రోల్ వాసన పోయేదాకా కడిగాం. తర్వాత నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి టాంకు నిండా పోసి, ఒక పాత సైకిల్ చైను లోపల వేసి, ఒక రోజంతా ఉంచాం. దారిన పోయేవాళ్ళందరూ వచ్చి ఒకసారి ఊపి వెళ్ళారు. మర్నాడు బయటికొచ్చిన నీళ్ళు ముదురు పచ్చగా, లోపల రేకు బూడిదరంగులో. అంత సంతోషం నాకు ఈ మధ్య కాలంలో లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. యాసిడ్‌తో కడిగిన ఇనుము తడి మీద ఉంటే అరగంటలో మళ్ళీ నారింజరంగు తుప్పు పడుతుంది. అందుకే వంట సోడా నీళ్ళతో ఒకసారి, మంచినీళ్ళతో రెండుసార్లు గబగబా కడిగి, మూతి కిందికి పెట్టి ఎండలో ఆరబెట్టి, పూర్తిగా ఆరగానే అర లీటరు పెట్రోల్‌లో కొంచెం ఇంజన్ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పి వంపేశాం. చిల్లు ఉంటే వెల్డింగ్ చేయించకండి. ఎన్నిసార్లు కడిగినా మూలల్లో ఆవిరి మిగులుతుంది, టాంకు పేలి మనుషులు పోయిన సంఘటనలు ఈ పనిలోనే జరుగుతాయి. మాకు చిల్లు లేదు. ఉంటే వేరే టాంకు కొనేవాళ్ళం.

పైపుల దగ్గర వాదించుకోవలసింది ఏమీ లేదు. రబ్బరువి అన్నీ మార్చాం, క్లిప్పులతో సహా. కింద పొడుగ్గా వెళ్ళే ఇనుప గొట్టాలు రెండు, వెళ్ళేది ఒకటి, తిరిగొచ్చేది ఒకటి, పంక్చర్ షాపు నుంచి తెచ్చిన చిన్న కంప్రెసర్‌తో గాలి కొట్టి, రెండో కొసకి తెల్ల గుడ్డ అడ్డం పెట్టి చూశాం. మొదటి గుడ్డ మీద ఎర్రటి మచ్చ, ఐదో గుడ్డకి తెల్లగా వచ్చింది. కొత్త రబ్బరు పైపు కొనేటప్పుడు మాత్రం ఇథనాల్‌కి ఆగేదేనా అని అడిగి తీసుకోండి. ఈ కారు తయారైన 1998లో పెట్రోల్‌లో ఇథనాల్ ఊసే లేదు. ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిసినది, దాన్ని 2023 ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా ఇస్తున్నారు. నాకు నమ్మకం కుదరక కాలేజీ ల్యాబులో కొలజాడీలో 90 మిల్లీలీటర్ల కొత్త పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి ఊపి నిలబెట్టాను. అడుగున ఉండాల్సిన 10 కాస్తా 27 దగ్గర తేలింది. పెట్రోల్‌లో ఉన్న ఇథనాల్ అంతా నీళ్ళలోకి దిగింది. పాత కాలపు రబ్బరు దీనికి ఉబ్బి మెత్తబడుతుంది, పగులుతుంది. పెట్రోల్ పైపు పగలడమంటే వేడి ఇంజన్ మీద పెట్రోల్ చుక్కలు పడడమే.

మేస్త్రిగారు ఏసీ పంపు అనే పెట్రోల్ పంపు ఈ కారులో కరెంటుది కాదు. ఇంజన్ హెడ్డుకి బిగించి ఉంటుంది, క్యామ్‌షాఫ్ట్ తిరుగుతుంటే దాని మీట కొట్టుకుని లోపలి రబ్బరు డయాఫ్రమ్ పెట్రోల్‌ని లాగి కార్బురేటర్‌కి నెడుతుంది. ఆ డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లో కూడా కలవచ్చు. అందుకని ముందుగా డిప్‌స్టిక్ లాగి వాసన చూడాలి. మాది చూస్తే ఆయిల్ నల్లగా ఉంది కానీ పెట్రోల్ కంపు లేదు. పంపు విప్పి, చేత్తో మీట ఆడిస్తూ, లాగే గొట్టానికి వేలు అడ్డం పెడితే వేలిని పట్టుకుని లాగాలి. మాది ఒకటి రెండుసార్లు లాగి వదిలేసింది. మేస్త్రిగారు "ఆయ్, ఇది పోయిందండి" అని పక్కన పెట్టేశారు. కొత్తది కాకినాడలో దొరికింది.

ఇక కార్బురేటర్. రెండు రోజులు దాని మీదే గడిపాను, అవే నాకు అన్నిటికంటే ఇష్టమైన రెండు రోజులు.

ముందు దాని మీదున్న ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల ఎలుక గూడు. కొబ్బరి పీచు, అత్తయ్య పాత చీర పీలికలు, వడ్లపొట్టు. అది చూడకుండా సెల్ఫ్ కొట్టి ఉంటే ఆ పీచంతా ఇంజన్‌లోకి పోయేది. డబ్బా తీసేసి, లింకులు ఎక్కడివక్కడ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, కార్బురేటర్‌ని పాత దినపత్రిక పరిచిన బల్ల మీద పెట్టాం. పై మూత స్క్రూలు ఆరు. వాటి తలలు మెత్తవి, సరైన స్క్రూడ్రైవర్ లేకపోతే అరిగిపోతాయి. మూత లేచింది.

పెట్రోల్ నిలవుండే గిన్నె అడుగున అరిసెల పాకం ముదిరి గట్టిపడినట్టు తేనెరంగు పెచ్చు. దాని మీద తెల్లటి బూజులాంటి పొడి, అది లోహం తిన్న గుర్తు. ఫ్లోటు పెచ్చులో అతుక్కుపోయి కదలడం లేదు. గోటితో గీకితే పెచ్చు గోరులో ఇరుక్కుంది, వాసన ఆ మొదటి రోజు టాంకు వాసనే. 2022లో సెల్ఫ్ కొట్టినప్పుడు వచ్చి చేరిన తుప్పు కూడా అందులోనే, ఎర్రటి గీతలుగా, పాకంలో నువ్వుల్లా కనిపించింది.

జెట్లు విప్పి సూర్యుడి వైపు పెట్టి చూశాను. ఇత్తడి స్క్రూ లాంటి ముక్క, మధ్యలో సూది మొనంత రంధ్రం. మెయిన్ జెట్‌లో వెలుగు చుక్క కనిపించింది, కానీ గుండ్రంగా లేదు. స్లో జెట్‌లో ఏమీ లేదు, చీకటి. ఇంజన్ నిలకడగా ఆడేది ఆ స్లో జెట్ వల్లే. మేస్త్రిగారు రాగి తీగ పోగు తీశారు. ఆ రంధ్రం కొలత మీదే ఇంజన్‌కి ఎంత పెట్రోల్ వెళ్ళాలన్నది ఆధారపడి ఉంటుంది. తీగ గీత పెడితే కొలత మారిపోతుంది. "ముందు నానబెడదాం మేస్త్రిగారూ" అన్నాను. గాజు గ్లాసులో కార్బురేటర్ క్లీనర్ స్ప్రే కొట్టి జెట్లు రెండూ అందులో వేసి మూత పెట్టాం. రాత్రంతా నానాయి. పొద్దున్నకి గ్లాసు అడుగున టీ మరకలాంటి రంగు దిగింది. అప్పుడు పెరట్లోకి వెళ్ళి పచ్చి కొబ్బరాకు చీరి ఈనె తీసి, దాని సన్నటి కొసతో మెల్లగా తిప్పాను. ఈనె ఇత్తడి కన్నా మెత్తన, గీత పడదు. అటువైపు నుంచి మైనంలాంటి చిన్న గుళిక ఒకటి బయటపడింది. ఆవగింజలో పావు వంతు కూడా ఉండదు. దాని వెనక వెలుగు చుక్క, నిండుగా, గుండ్రంగా. అత్తయ్యని పిలిచి చూపించాను. ఆవిడకి ఏం కనిపించిందో తెలియదు గానీ నా మొహం చూసి నవ్వింది.

మిగతా దారులన్నిట్లోనూ స్ప్రే కొట్టి, గాలి కొట్టి, ఒక చోట కొడితే ఇంకో చోట నుంచి వస్తోందా లేదా అని వేలు పెట్టి చూశాం. స్ప్రే కొట్టేముందు రబ్బరువన్నీ తీసెయ్యాలి, అది వాటిని పాడుచేస్తుంది. డయాఫ్రమ్‌లు, గాస్కెట్లు, గిన్నె నిండగానే పెట్రోల్‌ని ఆపే నీడిల్ వాల్వు కిట్టుగా దొరుకుతాయి, అవి కొత్తవి వేశాం. పాత గాస్కెట్టు అట్టముక్కలా విరిగింది. స్లో జెట్ దారి మూసే చిన్న సోలెనాయిడ్ ఒకటుంటుంది, తాళం ఆన్ చేస్తే టిక్కుమనాలి. దానికి బ్యాటరీ తగిలించి విన్నాం. టిక్కుమంది.

ఇంజన్ పని కూడా ఒకటి రెండు మాటల్లో. మూడు ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లోకి సిరంజితో ఐదు మిల్లీలీటర్ల ఆయిల్ పోసి ఒక రాత్రి వదిలేశాం. మర్నాడు ప్లగ్గులు లేకుండానే కింద పుల్లీకి పానా పెట్టి చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. ఇంజన్ ఆయిల్, టైమింగ్ బెల్టు మార్చాం. బెల్టు చూడ్డానికి బాగానే ఉంది, కానీ రబ్బరు వయసు దాని మొహం మీద కనపడదు.

ఇంక స్టార్ట్ చెయ్యడం. ఇక్కడ మేస్త్రిగారి తెలివి చూసి నేను దణ్ణం పెట్టాను. టాంకు, పంపు అన్నీ ఒకేసారి కలిపి స్టార్ట్ చేస్తే ఏదైనా తేడా వస్తే ఎక్కడుందో తెలియదు. అందుకని ముందు కార్బురేటర్ ఒక్కదాన్నే పరీక్షించాలి. మామూలుగా ఆయన సెలైన్ బాటిల్‌లో పెట్రోల్ పోసి పైన వేలాడదీసి గొట్టం కార్బురేటర్‌కి ఇస్తారట. ఆ గొట్టం పీవీసీ, పెట్రోల్ తగిలితే దానిలో మెత్తదనం ఇచ్చేది కరిగి బయటికొస్తుంది అని నేను సణిగాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి షెడ్డు మూల నుంచి మామయ్య పాత లూనా టాంకు పట్టుకొచ్చారు. దానికి కాకు ఉంది, తిప్పితే ఆగుతుంది. లోపల కడిగి, కొత్త ఫిల్టర్, కొత్త పైపు పెట్టి, బానెట్‌కి మూరెడు పైన దూలానికి తాడుతో కట్టారు. అందులో అర లీటరు పెట్రోల్. కాకు తిప్పి పది నిమిషాలు చూస్తూ నిలబడ్డాం. ఫిల్టర్ నెమ్మదిగా నిండింది. ఎక్కడా చెమ్మ లేదు. నీడిల్ సరిగ్గా మూసుకుందన్నమాట.

కొత్త బ్యాటరీ కలిపాక మేస్త్రిగారు సీటు వైపు చూశారు. నేను మామయ్య వైపు చూశాను. కర్ర పక్కన పెట్టి, తలుపు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే చోక్ పూర్తిగా లాగాడు. మూడు సెకన్లు కొట్టి వదిలాడు. ఏమీ లేదు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. "ఆగు, తొందరపడకు" అన్నాడు ఇంజన్‌తోనో నాతోనో. రెండోసారి ఒక్క దగ్గు. మూడోసారి అందుకుంది. సిలిండర్లలో పోసిన ఆయిల్ కాలి తెల్లటి పొగ షెడ్డంతా నిండింది, కోళ్ళు పెరట్లోకి పరిగెత్తాయి. ఒక నిమిషం ఎగుడుదిగుడుగా ఆడి, చోక్ సగానికి నెట్టగానే ఆ మూడు సిలిండర్ల చప్పుడు కుదురుకుంది. 1999లో ఏటిగట్టు మీద విన్న చప్పుడే. మామయ్య స్టీరింగ్ మీద చెయ్యి అలాగే ఉంచుకుని ఏమీ మాట్లాడలేదు.

లూనా టాంకు ఖాళీ అయ్యాక అసలు టాంకులో ఐదు లీటర్లు పోసి, కొత్త పంపుకి కలిపి మళ్ళీ స్టార్ట్ చేశాం. పంపు లాగడానికి ఇంకో అర నిమిషం సెల్ఫ్ పట్టింది, ఆపి ఆపి కొట్టాం.

ఎంపీఎఫ్ఐ బండ్లవాళ్ళు, అంటే కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే కార్లవాళ్ళు, అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. వాటిలో పంపు టాంకులోనే, కరెంటుతో నడుస్తుంది. అది పెట్రోల్‌లో మునిగి చల్లబడుతూ ఉంటుంది, ఖాళీ టాంకుతో తిప్పితే పాడవుతుంది. జిగురు పడితే పంపే పట్టేస్తుంది. పాత పెట్రోల్ తీసి, టాంకు కడిగి, పంపుకి ఉండే జల్లెడ మార్చి, కొత్త పెట్రోల్ పోసి, తాళం ఆన్ చేసి రెండు సెకన్లు పంపు చప్పుడు విని ఆఫ్ చేసి, అలా నాలుగైదు సార్లు చేశాకే సెల్ఫ్ కొట్టాలి. ఇంజెక్టర్లు విప్పి శుభ్రం చేసే షాపుకి ఇవ్వండి, ఇంట్లో పుల్లలు పెట్టి పొడవకండి. ఆ పైపుల్లో ప్రెషర్ ఉంటుంది, తగ్గించకుండా విప్పితే పెట్రోల్ మొహం మీదికి చిమ్ముతుంది.

మా కారుకి ఇంకా రోడ్డెక్కే యోగ్యత రాలేదు. ఆర్‌సీ గడువు 2023లో అయిపోయింది. పదిహేనేళ్ళు దాటిన కారుకి ఐదేళ్ళకోసారి రెన్యూవల్ కావాలి. ఇన్సూరెన్స్ కట్టాలి, బ్రేకులు, టైర్లు మార్చాలి. అందాకా మామయ్య రోజూ పొద్దున్నే షెడ్డులోంచి కొబ్బరితోట చివరిదాకా, అక్కణ్ణుంచి వెనక్కి నడుపుతున్నాడు. గేరు మార్చే అవసరం కూడా రాదు, అయినా రెండో గేరు వేస్తాడు.

నేను పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ఫిల్టర్ వేయించాను, లోపలేముందో బయటికి కనపడాలని. మొదటిది నాలుగు రోజులకి ఎర్రబడింది. ఎంత కడిగినా టాంకు మూలల్లో కొంత ఉంటుంది, అది వస్తూ ఉంటుంది. రెండోది పన్నెండు రోజులు ఆగింది. మొన్న ఆదివారం వెళ్ళి మూడోది వెలుగుకి పెట్టి చూశాను. కాగితం మడతల్లో లేత పసుపు, అడుగున ఆవగింజ కన్నా చిన్న తుప్పు రవ్వలు మూడు. దాన్ని మళ్ళీ బిగించేసి, నాలుగోది, రెండు క్లిప్పులు, ఒక స్క్రూడ్రైవర్ గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టి వచ్చాను. ఆర్టీఓ ఆఫీసుకి వెళ్ళే రోజుకి.